ఇద్దరు పోయారు, మూడో వాళ్లెవరు?

ప్రశ్న: పేరున్నవాళ్లు పోతే వరసగా ముగ్గురు పోతారంటారు. నిజమేనా? ఎందుకలా?

ఈ మూడు లెక్క మనది కాదు, ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో వినిపించేది. అమెరికాలో దీనికి తరచూ చెప్పే ఉదాహరణ 2009 జూన్. 23న టీవీ వ్యాఖ్యాత ఎడ్ మెక్‌మాన్, 25 ఉదయం నటి ఫారా ఫాసెట్, అదే మధ్యాహ్నం మైకేల్ జాక్సన్. లెక్క సరిపోయింది. కానీ 28న బిల్లీ మేస్ కూడా పోయాడు. బట్టల మరకలు పోగొట్టే పొడిని టీవీలో గొంతు చించుకుని అమ్మిన మనిషి, అక్కడ ఇంటింటికీ తెలిసినవాడు. మరి ఆయన్నేం చేయాలి? మెక్‌మాన్‌ను తీసేసి ఈయన్ని కలుపుకుంటే మళ్లీ ముగ్గురే. లేదా తర్వాతి మూడులో ఈయన్ని మొదటివాడిగా వేసుకోవచ్చు! లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని రోజుల్లోపు, ఎవరు ప్రముఖులు అన్నది ముందు చెప్పరు. మూడు కాగానే ఆపేస్తారు. తూకం వేసేవాడే రాళ్లు మార్చుకుంటున్నాడన్నమాట.

మనకు మూడు పట్టింపు లేదు గానీ ‘వరుస విషాదాలు’ ఉన్నాయి. 2023 జనవరి 27న జమున, ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్, 4న వాణీ జయరాం. ‘శంకరాభరణం’ తీసినాయన వెనకే అందులో పాడినావిడ వెళ్లిపోతే మనసు కలుక్కుమనదా? అయితే దర్శకుడు సాగర్ పోయింది కూడా ఆ ఫిబ్రవరి 2నే. 18న తారకరత్న. వీళ్లను కలిపితే ముగ్గురు కాదు, ఐదుగురు.

మన ఊళ్లలో శనివారం పోయినవాళ్లు తోడు తీసుకెళతారని పాడెకు కోడిపిల్లను కడతారు. ఒక చావు కాగానే ఇంకోదాని కోసం చెవులు రిక్కించడం అందరికీ ఉన్నదే.

సరే, లెక్కలో మోసం ఉంటే ఉంది, చావులు ఒకేచోట గుమిగూడటం మాత్రం కళ్లకు కనిపిస్తోంది కదా? కనిపిస్తుంది. కానీ ఎవరూ గురిపెట్టకపోయినా అలా గుమిగూడటం మామూలే. రెండో ప్రపంచయుద్ధం చివర్లో జర్మనీ వదిలిన వి-1 బాంబులు కొన్ని పేటల మీదే ఎక్కువ పడుతున్నాయని లండన్ జనం అనుకున్నారు. ఆర్.డి. క్లార్క్ అనే ఇన్సూరెన్స్ గణకుడు దక్షిణ లండన్ పటాన్ని 576 సమాన గళ్లుగా విడగొట్టి, పడిన 537 బాంబులనూ లెక్కబెట్టి 1946లో ప్రకటించాడు. సగటున గడికి ఒకటి కూడా లేదు. అయినా 229 గళ్లలో ఒక్కటీ పడలేదు, 35 గళ్లలో మూడేసి పడ్డాయి. గురీ గిరీ లేకుండా చల్లితే మూడేసి పడే గళ్లు ఎన్నుండాలి? దాదాపు 31. అంటే ఆ పేటల మీద ఎవరూ పగబట్టలేదు. గుప్పెడు బియ్యం నేలమీద చల్లి చూడండి, ముగ్గు చుక్కల్లా సమదూరంలో పడవు. కొన్నిచోట్ల గుంపులు, కొన్నిచోట్ల ఖాళీ.

పటం బదులు కేలెండర్ పెట్టండి. ఏడాదికి 24 మంది ప్రముఖులు పోతారనుకుందాం, అంటే పదిహేను రోజులకొకరు. ఒకరి చావుకీ ఇంకొకరి చావుకీ ఏ సంబంధమూ లేకపోయినా, పది రోజుల్లో ముగ్గురు పోయే సందర్భాలు ఏడాదికి సగటున మూడు దాకా వస్తాయి. శాపమేమీ అక్కర్లేదు. మధ్యలో ఎవరూ పోని నెల కూడా వస్తుంది, అది మాత్రం వార్త కాదు.

నాకు చిరాకు తెప్పించేది మూడో చావు కోసం ఈ ఎదురుచూపే. మంచం పట్టిన పెద్దాయన పేరొకటి దొరికితే చాలు, ఫోన్లలో తిప్పేస్తారు. 2023 మార్చిలో తాను బతికే ఉన్నానని చెప్పుకోవడానికి కోట శ్రీనివాసరావు వీడియో పెట్టాల్సొచ్చింది. ఆయన పోయింది 2025 జులై 13న. మర్నాడే బి. సరోజాదేవి పోయారు. దయచేసి మూడో పేరు వెతక్కండి.