నిప్పు పెట్టేవాడు ఎక్కడివాడు? మ్యాప్ చెప్పే సంగతి

మొహల్లాలో వరసగా రెండు మూడు చోట్ల మంటలు లేస్తే మొదట వినపడే మాట ఒకటే: "ఎవరో బయటివాళ్ళు వచ్చి పెట్టిపోయారు." పరిశోధకులు మాత్రం అలా మొదలుపెట్టరు. ముందు మ్యాప్ తీస్తారు.

పదేపదే నిప్పు పెట్టేవాడు చాలాసార్లు తనకు తెలిసిన చోట్లనే ఎంచుకుంటాడు. ఇల్లు, పనిచేసే చోటు, రోజూ తిరిగే రోడ్డు. వీటి మధ్య ఉన్న ఖాళీ ఇల్లు, చెత్తకుప్ప, గోడౌన్ వెనక భాగం అతని కంట్లో పడతాయి. ఎటునుంచి రావచ్చో, ఎటు జారుకోవచ్చో అతనికి ముందే తెలుసు. ఇంటినుంచి దూరం పెరిగేకొద్దీ ఘటనలు తగ్గుతాయి. అయితే గుర్తుపడతారన్న భయంతో సొంత గుమ్మం పక్కన కొంత జాగా వదిలేస్తాడు.

1993లో బ్రిటన్‌లో డేవిడ్ కాంటర్, పాల్ లార్కిన్ వరస నేరాలకు ఒక సులువైన లెక్క చెప్పారు. అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు ఘటనాస్థలాలను కలిపే గీతను వ్యాసంగా తీసుకుని వలయం గీస్తే, నేరస్థుడి ఇల్లు తరచూ ఆ వలయం లోపలే ఉంటుంది.

అందరూ ఈ లెక్కలో ఇమడరు. పనిమీద దూరం వెళ్ళి, దారిలో నిప్పు పెట్టేవాళ్ళూ ఉంటారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగింది అదే. 1987 జనవరిలో ఫ్రెస్నో నగరంలో అగ్నిప్రమాద పరిశోధకుల సదస్సు జరిగింది. ఆ రోజుల్లోనే ఫ్రెస్నోలో, తర్వాత దక్షిణాన టులేర్, బేకర్స్‌ఫీల్డ్ దుకాణాల్లో మంటలు లేచాయి. ఇవన్నీ లాస్ ఏంజెలెస్ వైపు వెళ్ళే 99వ నంబర్ హైవే మీది ఊళ్ళు. బేకర్స్‌ఫీల్డ్ ఫైర్ అధికారి మార్విన్ కేసీకి ఒక అనుమానం వచ్చింది: సదస్సుకు వెళ్ళి తిరిగొస్తున్నవాడే పెడుతున్నాడా? తోటి అధికారులు నమ్మలేదు. 1989లో తీరప్రాంతంలో మరో సదస్సు జరిగితే, ఆ దారిలోనూ మంటలే.

కేసీ దగ్గర సగం కాలిన కాగితం మీద ఒక వేలిముద్ర ఉంది. మొదటిసారి పోల్చినప్పుడు పొరపాటున కలవలేదన్నారు. 1991లో కలిసింది. అది గ్లెండేల్ ఫైర్ కెప్టెన్ జాన్ ఆర్‌ది. మంటలెవరు పెట్టారో విచారించే ఉద్యోగం ఆయనది! 1984లో సౌత్ పాసడీనాలో ఒక దుకాణం తగలబడి నలుగురు చనిపోయారు. వాళ్ళలో ఒకావిడ, ఆమె రెండేళ్ళ మనవడు ఉన్నారు. ఆ కేసులో 1998లో ఆయనకు యావజ్జీవ శిక్ష పడింది.

మనకు ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, చిన్న మంట అయినా ఆరిపోయింది కదా అని వదిలేయొద్దు. తేదీ, టైము, చోటు రాసి పోలీసులకు చెప్పండి. ఒక్కో మంట విడిగా చూస్తే ఏమీ తెలియదు, పక్కపక్కన పెడితేనే దారి కనబడుతుంది. ఖాళీ ఇళ్ళకు తాళం వేయించండి, గోడల పక్కన చెత్త పేరనివ్వకండి. మంట కనబడితే వెంటనే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

రెండోది, మ్యాప్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఎవరు చేశారో చెప్పదు. అది తేల్చింది వేలిముద్ర. వార్త వస్తే ముందు విచారించుకోమని సూరా హుజురాత్ మనకు నేర్పుతుంది. మంట లేచిన రాత్రి వాట్సాప్‌లో ఎవరి పేరో పంపేముందు ఆ మాట గుర్తు తెచ్చుకుందాం.