ఇంకొక్క ఆట

హైదరాబాద్ అశోక్‌నగర్ చాయ్ బండ్ల దగ్గర గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్ల నోట ‘అడిక్ట్ అయిపోయా మామా’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. చాయ్‌కైనా, రీల్స్‌కైనా, క్రికెట్‌కైనా అదే మాట. ఇంట్లో పెద్దవాళ్లయితే యావ అంటారు, పిచ్చి అంటారు, కోపమొస్తే వ్యసనం అంటారు. ఈ చివరి మాటను అంత తేలిగ్గా వాడకూడదు.

వ్యసనానికి అమరకోశం ఇచ్చిన అర్థాల్లో ఆపద, పతనం ఉన్నాయి. కామం వల్లో కోపం వల్లో పుట్టే దోషమూ ఉంది. సప్తవ్యసనాల్లో వేట, జూదం, తాగుడు, స్త్రీలోలత అందరికీ తెలిసినవే. పరుషంగా మాట్లాడటం, మితిమీరి శిక్షించడం, సొమ్ము తగలేయడం కూడా వాటిలో ఉన్నాయని చాలామందికి గుర్తుండదు. నోటిని అదుపు చేసుకోలేకపోవడం కూడా తాగుడంత చేటని పూర్వులు లెక్కగట్టారు.

వ్యసనానికి నిలువెత్తు ఉదాహరణ నల మహారాజు. జూదంలో సర్వం పోగొట్టుకుని అడవుల పాలైన ధర్మరాజుకు బృహదశ్వుడు చెప్పిన కథ అది. నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వ భాగంలో ఉంది. సోదరుడు పుష్కరుడితో ఆట నెలల తరబడి సాగింది. మంత్రులూ పౌరులూ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు, భార్య దమయంతి బతిమాలింది. నలుడు పాచికల మీంచి తల ఎత్తలేదు. చివరికి కట్టుబట్టతో ఊరు వదిలాడు. అతను చెడ్డవాడని కథ ఎక్కడా అనదు. కలి ఆవహించాడంటుంది, అంతే.

చట్టం మాత్రం చాలాకాలం వేరే ప్రశ్న వేసింది: ఆట నైపుణ్యమా, అదృష్టమా అని. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో పేకాటపై నడిచిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనంది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది కొట్టాలో తేల్చుకోవాలి కదా అన్నది తర్కం. అది నిజమే. కానీ ఎంత బాగా ఆడతాడన్నది ఒక సంగతి, ఆట మధ్యలో లేవగలడా అన్నది మరో సంగతి.

పేక ఫోన్‌లోకి వచ్చాక ఈ రెండో సంగతే పెద్దదైంది. ముక్కలు పంచే మనిషి అక్కర్లేదు, క్లబ్బు మూసే వేళ లేదు. హాస్టల్ గదిలో దుప్పటి కింద కూడా ఆట నడుస్తుంది. ‘పోయింది రాబట్టి మానేస్తా’ అన్నవాడు ఇంకొక్క ఆట అంటూ కోచింగ్ ఫీజు కోసం ఇంటి నుంచి వచ్చిన డబ్బు మీద చెయ్యి వేస్తాడు. 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే పక్కనపెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

ఇలా ఆట ఆపలేకపోవడాన్ని వైద్యులు జబ్బుగానే చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన రోగాల వర్గీకరణలో జూద వ్యసనానికి చెప్పిన లక్షణాలు ఇవి: ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆపలేకపోవడం. రోజుకు నాలుగు చాయ్‌లు తాగే కుర్రాడిని ఈ కొలతతో చూస్తే అతనిది ఉత్త అలవాటే. అప్పుచేసి మరీ ఆడేవాడిని ‘బుద్ధి లేదా’ అని తిట్టడం వల్ల జరిగేది ఒక్కటే. అతను అప్పును ఇంకాస్త లోతుగా దాస్తాడు. అలాంటివాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ మాట్లాడటానికి 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ హెల్ప్‌లైన్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.