సీసా మీద లేబుల్: చిన్న వ్యాపారుల అపోహలు – వాస్తవాలు

ఆవకాయ, కరివేపాకు పొడి, సున్నుండలు, పూతరేకులు... ఇంటి వంటగదిలో మొదలై ఊళ్లు దాటి అమ్ముడవుతున్న సరుకులు తెలుగునాట ఇప్పుడు తక్కువేం కాదు. డ్వాక్రా మహిళలు, రిటైరైన దంపతులు, సొంతంగా నిలబడాలనుకునే యువత ఎందరో ఈ పనిలో ఉన్నారు. రుచి దగ్గర రాజీపడని వీళ్లే లేబుల్ దగ్గరికి వచ్చేసరికి తడబడుతున్నారు. పక్కవాళ్ల సీసా చూసి అచ్చు వేయించడం, ఎవరో చెప్పిన మాట నమ్మేయడం వల్లే ఈ ఇబ్బంది. తరచూ వినిపించే అపోహలేమిటో, అసలు నిబంధనలు ఏం చెబుతున్నాయో చూద్దాం.

అపోహ: ఇంట్లో చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటే రిజిస్ట్రేషన్, లేబుల్ అక్కర్లేదు.

వాస్తవం: 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఇల్లా, ఫ్యాక్టరీయా అని చూడదు. లాభం కోసం చేసినా, లాభాపేక్ష లేకుండా చేసినా అది ఆహార వ్యాపారమే. చిన్న స్థాయిలో చేసేవాళ్లకు రిజిస్ట్రేషన్, పెద్ద స్థాయిలో చేసేవాళ్లకు లైసెన్సు ఉంటాయి. రెండింటికీ 14 అంకెల నంబరు వస్తుంది. ముందే ప్యాక్ చేసి అమ్మే సరుకుపై ఆ నంబరును ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) లోగోతో పాటు వేయాలి. అయితే ఆ నంబరు నాణ్యతకు కితాబు కాదు. సరుకును ఎవరో పరీక్షించి మెచ్చుకున్నారని దాని అర్థం కాదు. మీరు చట్టం పరిధిలో నమోదయ్యారని మాత్రమే అది చెబుతుంది.

అపోహ: ఫుడ్ సేఫ్టీ నంబరు ఉంటే ఇంక ఏ శాఖతోనూ పని లేదు.

వాస్తవం: తూనికలు కొలతల శాఖతోనూ పని ఉంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం, ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోగా ప్యాకర్‌గా నమోదు కోసం దరఖాస్తు చేసుకోవాలి. నికర బరువు, అన్ని పన్నులు కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదుల కోసం సంప్రదించాల్సిన వివరాలు ప్యాకెట్‌పై ఉండాలి. సీసా, మూత బరువు నికర బరువులోకి రావు. ‘సుమారు’, ‘దాదాపు’ వంటి మాటలు బరువు పక్కన ఉండకూడదు. యూనిట్ ధర కూడా చూపాలి. ఉదాహరణకు 250 గ్రాముల పచ్చడి 150 రూపాయలైతే గ్రాముకు 60 పైసలని వేయాలి. ధర పెంచాలనుకుంటే పాత ఎమ్మార్పీ మీద స్టిక్కర్ అంటిస్తే కుదరదు. తగ్గించేటప్పుడు మాత్రం పాత ధర కనబడేలా స్టిక్కర్ వేసుకోవచ్చు.

అపోహ: కొనేది తెలుగువాళ్లే కాబట్టి లేబుల్ మొత్తం తెలుగులో ఉంటే చాలు.

వాస్తవం: తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. వాటికి తోడుగా తెలుగులోనూ రాయవచ్చు. తప్పకుండా రాయండి. కొనే అమ్మమ్మకు చదవడానికి వీలయ్యే భాష అదే.

అపోహ: దినుసులన్నీ రాస్తే మన వంట రహస్యం బయటపడిపోతుంది.

వాస్తవం: కొలతలు ఎవరూ అడగరు. తయారీలో వాడిన బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా పేర్లు రాస్తే చాలు. ఆవకాయైతే సాధారణంగా మామిడి ముక్కలు ముందుంటాయి, మెంతుల వంటివి చివర్లో వస్తాయి. లేబుల్‌పై బొమ్మ వేసో, పేరు చెప్పో ఏదైనా దినుసును గొప్పగా చూపిస్తే అది ఎంత శాతమో చెప్పాలి. జీడిపప్పు బొమ్మ వేసిన మిఠాయిలో జీడిపప్పు ఎంతుందో కొనేవాళ్లకు తెలియాలి కదా. ‘వంటనూనె’ అంటే సరిపోదు. వేరుశనగ నూనో, నువ్వుల నూనో పేరు చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం అలర్జీ సమాచారం. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉంటే విడిగా చెప్పాలి. ఇక్కడ చాలామంది ఇంగువను మరిచిపోతారు. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలావరకు గోధుమ పిండో, మైదానో కలుస్తుంది. డబ్బా వెనక చూస్తే కనిపిస్తుంది. పొడిలో వేసింది చిటికెడే అయినా, గోధుమ పడనివాళ్లకు ఆ సంగతి తెలియాలి.

అపోహ: మాంసాహారానికి గోధుమ రంగు చుక్క పెడితే సరి.

వాస్తవం: ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ వృత్తం శాకాహారానికి. మాంసాహారానికి 2020 నాటి లేబులింగ్ నిబంధనలు గుర్తును మార్చాయి. గోధుమ రంగు చదరంలో ఇప్పుడు త్రిభుజం ఉండాలి. రంగులు గుర్తుపట్టలేనివాళ్లు కూడా ఆకారం చూసి తెలుసుకోవచ్చు. రొయ్యల పచ్చడికైనా, గుడ్డు కలిపిన కేకుకైనా త్రిభుజమే. నెయ్యి, పాలు కలిపినవి మాత్రం ఆకుపచ్చ కిందికే వస్తాయి.

అపోహ: ‘బెస్ట్ బిఫోర్ ఆరు నెలలు’ అని ముద్ర వేస్తే పని అయిపోయింది.

వాస్తవం: 2020 నిబంధనల కింద తయారీ లేదా ప్యాకింగ్ తేదీ, గడువు తేదీ తప్పనిసరి. ‘బెస్ట్ బిఫోర్’ అదనంగా వేసుకునేది మాత్రమే. పక్కవాళ్ల గడువు మీ సరుకుకు వర్తించదు. ఉప్పు, నూనె, తేమ, ప్యాకింగ్ మారితే నిల్వ కాలమూ మారుతుంది. బ్యాచ్ నంబరును కూడా తేలిగ్గా తీసుకోకండి. ఒక జాడీలో బూజు పట్టిందని ఫోనొస్తే, అదే రోజు కలిపిన మిగతా సీసాలు ఎవరికి వెళ్లాయో తెలిసేది ఆ నంబరుతోనే.

అపోహ: ‘ప్యూర్’, ‘నేచురల్’, ‘100 శాతం’ వంటి మాటలకు అడ్డేముంది?

వాస్తవం: వీటికి 2018 నాటి ప్రకటనల నిబంధనలున్నాయి. నాలుగైదు దినుసులు కలిపిన పచ్చడిని ‘నేచురల్’ అనడానికి లేదు. బ్రాండ్ పేరులోనే అలాంటి మాట ఉండి కొనేవాళ్లు పొరబడే అవకాశముంటే, అది పేరు మాత్రమేనని స్పష్టంగా ముద్రించాలి. ‘100 శాతం’ అన్న మాట వాడొద్దని 2025లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సూచించింది.

అపోహ: ఇక్కడి లేబుల్‌తోనే అమెరికాకూ పంపవచ్చు.

వాస్తవం: ఏ దేశం నిబంధనలు ఆ దేశానివే. మన అలర్జీ జాబితాలో లేని నువ్వులను అమెరికాలో 2023 జనవరి 1 నుంచి తప్పనిసరిగా చెప్పాలి. బ్రిటన్‌లో నువ్వులతో పాటు ఆవాలనూ చెప్పాలి. ఆవపిండి, గానుగ నువ్వుల నూనె పడే మన ఆవకాయకు ఇది నేరుగా వర్తించే విషయం.

తప్పు లేబుల్‌తో అమ్మితే 3 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయినా, జరిమానా భయంతో చేసే పని కాదిది. రక్తపోటు ఉన్నవాళ్లు పోషక విలువల పట్టికలో సోడియం చూసుకుంటారు, వేరుశనగ పడని పిల్లాడి తల్లి అలర్జీ వరుస వెతుకుతుంది. వాళ్ల ఆరోగ్యం మీరు రాసే ఆ నాలుగు వరుసల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే వేల లేబుళ్లు అచ్చుకు ఇచ్చేముందు ఒక్క నమూనా తీయించండి. దాన్ని నిబంధనలతో వరుసవారీగా సరిచూసుకోండి. సందేహం ఉంటే జిల్లా ఆహార భద్రత అధికారినీ, తూనికలు కొలతల శాఖనూ అడగండి. ఆ తర్వాతే అచ్చుకు ఇవ్వండి.