పెద్దలు ఇంటికి వచ్చే రోజులు



భాద్రపద పౌర్ణమి వెళ్లగానే మహాలయ పక్షం వస్తుంది. మీరు బళ్లారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఆ రోజుల్లో పెద్దలను తలచుకోవడం మీకు తెలిసిన సంగతే. జపాన్ దేశంలోనూ ఇటువంటి పండుగ ఒకటి ఉంది. దాని పేరు బోన్. ఈనాటి ప్రసంగం ఆ పండుగ గురించి.

దీని వెనుక ఉన్న కథలోని మనుషులు మన దేశం వారే. బుద్ధుని ముఖ్యశిష్యులలో ఒకడు మౌద్గల్యాయనుడు. అతడు దివ్యదృష్టితో చూస్తే, చనిపోయిన తల్లి ప్రేతలోకంలో ఆకలితో అలమటిస్తూ కనిపించిందట. అన్నం పెడితే నోటి దగ్గరకు వచ్చేసరికి నిప్పులైపోయింది. అప్పుడు బుద్ధుడు, వర్షాకాల దీక్ష ముగించిన భిక్షువులకు అన్నదానం చెయ్యమన్నాడు. ఆ పుణ్యంతో తల్లికి విముక్తి కలిగింది. ఈ కథ చైనా మీదుగా జపాన్ చేరింది. అక్కడ మౌద్గల్యాయనుడి పేరు మొకురెన్. 657వ సంవత్సరంలోనే జపాన్‌లో ఈ ఉత్సవం జరిగినట్లు వారి ప్రాచీన చరిత్ర గ్రంథంలో ఉంది.

పూర్వం ఏడవ నెల పౌర్ణమికి బోన్ జరిగేది. 1873లో జపాన్ పాశ్చాత్య క్యాలెండరుకు మారడంతో పండుగ తేదీలు చీలిపోయాయి. టోక్యోలో జూలై మధ్యలో చేస్తారు. దేశంలో ఎక్కువ భాగం ఆగస్టు 13 నుంచి 16 వరకు చేస్తారు. ఒకినావా దీవుల్లో మాత్రం ఇప్పటికీ చాంద్రమానమే.

మరి ఇళ్లలో ఏం చేస్తారు? జపానులో దహనం తరువాత అస్థికలను కుటుంబ సమాధిలో ఉంచుతారు. ఒకే రాతి కింద తరతరాల వారు ఉంటారు. పండుగకు ముందు ఆ రాయిని కడిగి, పూలు పెట్టి, అగరువత్తులు వెలిగిస్తారు. 13వ తేదీ సాయంత్రం గుమ్మం ముందు నార ఒలిచిన ఎండుపుల్లలతో చిన్న మంట వేస్తారు. వచ్చేవారికి దారి కనబడాలి కదా! ఇంట్లో పీట మీద కీరదోసకాయకు, వంకాయకు నాలుగేసి పుల్లలు గుచ్చి నిలబెడతారు. కీరదోసకాయ గుర్రం, వంకాయ ఆవు. పెద్దలు గుర్రమెక్కి త్వరగా రావాలి, తిరిగి వెళ్లేటప్పుడు ఆవు మీద నింపాదిగా వెళ్లాలి. ఎంత ప్రేమ ఉందో చూడండి ఆ బొమ్మల్లో! ఆ ఏడాది ఎవరైనా పోయిన ఇంట్లో అది తొలి బోన్. చాలాచోట్ల ఆ ఇంటికి తెల్లని లాంతరు కడతారు.

సాయంత్రాలు ఊరంతా ఒకచోట చేరుతుంది. మధ్యలో మంచె కట్టి, దానిపై పెద్ద డోలు మోగిస్తారు. దాని చుట్టూ పిల్లలూ పెద్దలూ వలయంగా తిరుగుతూ ఆడతారు. గుజో అనే ఊళ్లో ఆ నాలుగు రాత్రులూ తెల్లవార్లూ ఆట సాగుతుంది. 2022లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చిన జపాన్ జానపద నృత్యాలలో గుజో ఆట కూడా ఉంది.

16వ తేదీ వీడ్కోలు. మళ్లీ మంట వేస్తారు. క్యోటో నగరం చుట్టూ అయిదు కొండల మీద ఆ రాత్రి పెద్ద పెద్ద మంటలు వెలుగుతాయి. వాటిలో రెండు ‘పెద్ద’ అనే అర్థమిచ్చే అక్షరం ఆకారంలో ఉంటాయి. కొన్ని ఊళ్లలో కాగితపు దీపాలను నీటిలో వదులుతారు.

ఈ రోజులకు మరో బరువు కూడా ఉంది. 1945 ఆగస్టు 15 మధ్యాహ్నం, యుద్ధం ముగిసిందన్న చక్రవర్తి ప్రకటన రేడియోలో వినిపించింది. అందుచేత ఆ తేదీన ఎన్నో కుటుంబాలు తమ పెద్దలతోపాటు యుద్ధంలో పోయిన బిడ్డలనూ తలచుకుంటాయి.

బోన్ బతికున్నవారిని కూడా ఇంటికి రప్పించే పండుగ. పూర్వం దుకాణాల్లో పనికి కుదిరిన కుర్రవాళ్లకు ఏడాదికి రెండే సెలవులు. కొత్త సంవత్సరం తరువాత ఒకటి, బోన్ తరువాత ఒకటి. ఈనాటికీ ఆగస్టు నడిమి రోజుల్లో రైళ్లు కిటకిటలాడతాయి. ఇది ప్రభుత్వ సెలవు కాకపోయినా చాలా కంపెనీలు సెలవిస్తాయి.

అయితే పల్లెల్లో మనుషులు తగ్గిపోతున్నారు. పిల్లలు నగరాల్లో స్థిరపడ్డారు. ఊళ్లో సమాధి రాయి కడిగేవారు లేరు. అందుకని చాలామంది ఆ సమాధిని శాస్త్రోక్తంగా మూసివేసి, అస్థికలను తమకు దగ్గరలో ఉన్న చోటికి మార్చుకుంటున్నారు. దేవాలయమే నిత్యం చూసుకునే ఉమ్మడి సమాధిలో చేర్చేవారూ ఉన్నారు. 2022 ఆర్థిక సంవత్సరంలో అస్థికలను ఇలా మార్చిన సందర్భాలు లక్షా యాభై వేలకు పైగా నమోదయ్యాయి. రాయిని వదులుకోవడం వారికి తేలిక కాదు. కానీ చూసేవారు లేక నాచు పట్టిపోవడం కంటే అదే మేలని వారి ఆలోచన.

ఇక దేశం దాటినవారి సంగతి. 1885 నుంచి చెరకు తోటల పనికి హవాయి దీవులకు వేలాది జపానీయులు వెళ్లారు. తాతల సమాధులు సముద్రానికి అవతల ఉండిపోయాయి. అయినా ఈనాటికీ హవాయిలోని బౌద్ధాలయాల ముంగిట జూన్ నుంచి ఆగస్టు దాకా వారాంతాల్లో బోన్ ఆట సాగుతూనే ఉంది. ఒక్కో వారం ఒక్కో ఆలయం. భాష మరచిన మనుమలు కూడా ఆ డోలు దెబ్బకు అడుగు వేస్తారు. తరాల క్రితం ఊరు విడిచి వచ్చి, ఇంటిలో తెలుగు నిలుపుకున్న మీకు ఈ మాట వేరే వివరించనక్కరలేదు.

ఈసారి మహాలయ పక్షంలో మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తాతముత్తాతల పేర్లు చెప్పండి. ఏ ఊరి నుంచి వచ్చారో కూడా చెప్పండి. సెలవు.