ర్యామ్ స్పీడ్ పెంచుతున్నారా? పాల్వంచ ఎండలో టెస్ట్ చేశాకే నమ్మండి

కొత్త ర్యామ్ కొనే ముందు, ఉన్న ర్యామ్ పూర్తి స్పీడ్‌తో పనిచేస్తోందో లేదో చూసుకోండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ ఓపెన్ చేసి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద క్లిక్ చేస్తే చాలు. వాడకం, స్పీడ్, స్లాట్లు అన్నీ కనిపిస్తాయి.

ఎంత ర్యామ్ కావాలి?

రోజూ వాడే యాప్స్ అన్నీ తెరిచినా వాడకం 70 శాతం లోపే ఉంటే, ఇంకో 8 జీబీ వేసినా పెద్దగా తేడా తెలియదు. 90 దాటుతుంటే మాత్రం విండోస్ కొంత డేటాను ఎస్ఎస్‌డీలోకి సర్దుతుంది. సిస్టమ్ నత్తనడక నడిచేది అప్పుడే.

ఒకటా, రెండా?

ఒక 16 జీబీ స్టిక్ కన్నా రెండు 8 జీబీ స్టిక్కులు మేలు. డీడీఆర్4 3200 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా వెళ్తుంది. డ్యూయల్ ఛానల్‌లో రెండుంటే అది 51.2 జీబీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా గేమ్స్ ఆడేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌లో అయితే ఖాళీ స్లాట్ ఉందో లేదో ముందే చూడండి. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు.

ఎక్స్‌ఎంపీ ఆన్ చేశారా?

3600 అని రాసున్న డెస్క్‌టాప్ ర్యామ్ కూడా బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసేదాకా తక్కువ స్పీడ్‌లోనే నడుస్తుంటుంది. ఆన్ చేస్తే చాలా డీడీఆర్4 కిట్లలో వోల్టేజ్ 1.2 నుంచి 1.35కి పెరుగుతుంది, దాంతో వేడి కూడా.

ఎండ సంగతి

పాల్వంచలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ర్యామ్‌లో డేటా చిన్న చిన్న ఎలక్ట్రిక్ ఛార్జ్‌లుగా ఉంటుంది. వేడి పెరిగితే ఆ ఛార్జ్ త్వరగా కారిపోతుంది. అందుకే డీడీఆర్4 చిప్ 85 డిగ్రీలు దాటితే రెట్టింపు సార్లు రిఫ్రెష్ చేయాలని ప్రమాణమే చెబుతోంది. జనవరి రాత్రి పాసైన సెట్టింగ్ మే మధ్యాహ్నం ఫెయిల్ కావచ్చు. బ్లూ స్క్రీన్ వస్తే కనీసం తెలుస్తుంది. అదే మీ ప్రాజెక్ట్ ఫైల్, ఫొటోలు చడీచప్పుడు లేకుండా పాడైతే?

కాబట్టి మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి, మిట్టమధ్యాహ్నం, క్యాబినెట్ మూత బిగించే నాలుగు పాస్‌లు నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్పీడ్ ఒక మెట్టు దించి మళ్లీ టెస్ట్ చేయండి. 3600 నుంచి 3200కి దిగితే గేమ్‌లో పోయేది కొన్ని ఫ్రేమ్‌లే. ఫైల్ పాడైతే మళ్లీ రాదు.