ఎక్కడా లేని ఊరు
సూఫీల సాధనలో మెట్లు – వారు దర్శించిన మధ్యలోకం

పారసీకంలో ఒక చిత్రమైన కథ ఉంది. ఒక జిజ్ఞాసువు రాత్రివేళ తండ్రిగారి మఠంలో అడుగు పెడతాడు. ఆ మఠానికి రెండు తలుపులు. ఒకటి ఊరి వైపుకు, రెండవది బయలు వైపుకు. అతడు ఊరి తలుపు గట్టిగా బిగించి, బయలు తలుపు తీస్తాడు. ఎదురుగా పదిమంది తేజోమూర్తులైన వృద్ధులు కూర్చుని ఉంటారు. తమ ఊరేదని అతడు వినయంగా అడుగుతాడు. ‘నా-కుజా-ఆబాద్’ అని జవాబు వస్తుంది. అంటే ‘ఎక్కడా లేని ఊరు’. అది ఏ దిక్కున ఉందని మళ్ళీ అడిగితే, వేలితో చూపించడానికి వీలైన చోటు కాదంటారు.

ఈ కథ వ్రాసినవాడు షిహాబుద్దీన్ సుహ్రవర్దీ. 1154 ప్రాంతంలో ఇరాన్ వాయవ్య భాగాన సుహ్రవర్ద్‌లో పుట్టాడు. మరాగాలోను, ఇస్ఫహాన్‌లోను చదువుకున్నాడు. దేశాలు తిరిగి చివరకు సిరియాలోని అలెప్పో నగరం చేరుకున్నాడు. అతని గొప్ప గ్రంథం ‘హిక్మతుల్ ఇష్రాఖ్’ 1186లో పూర్తయింది. ‘ప్రకాశ తత్త్వం’ అని దాని భావం.

కష్టార్జితం, వరప్రసాదం

ఆ ఊరికి దారి ఏమిటి? సూఫీ పెద్దలు సాధనలో రెండు విషయాలను వేరుచేసి చెప్పారు. ఒకటి ‘మకామ్’, అంటే మజిలీ. రెండవది ‘హాల్’, అంటే మనస్సును ఆవరించే దశ. మజిలీ కష్టార్జితం, దశ వరప్రసాదం. నుయ్యి తవ్వడం మన చేతిలో పని, జల పడడం దైవాధీనం!

988లో మరణించిన అబూ నస్ర్ సర్రాజ్ ఏడు మజిలీలు లెక్కపెట్టాడు. అవి పశ్చాత్తాపం, దోషభీతి, వైరాగ్యం, పేదరికం, ఓర్పు, భగవంతునిపై భారం వేయడం, సంతృప్తి. దశలు పది అన్నాడు. సామీప్యం, ప్రేమ, భయం, ఆశ, విరహం మొదలైనవి అందులోవే. మజిలీ చేరినవాడు అక్కడ నిలబడగలడు. దశ మాత్రం మెరుపులా వచ్చి పోతుంది.

అద్దంలో బొమ్మ

సుహ్రవర్దీ చెప్పిన లోకం కేవలం ఊహ కాదు, అలాగని మనం తాకగల మట్టీ కాదు. ఇంద్రియాలకు అందే జగత్తుకూ, బుద్ధికి మాత్రమే అందే జగత్తుకూ నడుమ మరొకటి ఉందన్నాడు. తరువాతివారు దాన్ని ‘ఆలమె మిసాల్’ అన్నారు. అక్కడ రూపం ఉంది, రంగు ఉంది, స్థూలద్రవ్యం లేదు. అద్దంలో కనిపించే బొమ్మ అద్దం మందంలో లేదు, దాని ఉపరితలానికి అంటుకొనీ లేదు. అద్దం ఆ బొమ్మ ప్రత్యక్షమయ్యే చోటు మాత్రమే. మన కల్పనాశక్తి కూడా అటువంటి అద్దమే నన్నాడు. పూర్వులు భూమిని ఏడు మండలాలుగా విభజించారు, ఇది ఎనిమిదవది. అందులో జాబల్ఖా, జాబర్సా, హూర్‌ఖల్యా అనే అద్భుత నగరాలున్నాయట.

స్పెయిన్‌లోని ముర్సియాలో 1165లో పుట్టిన ఇబ్న్ అరబీ మరింత ముచ్చటగా చెప్పాడు. ఆదాము దేహం మలచగా మిగిలిన మట్టితో ఖర్జూర వృక్షం పుట్టిందట. ఇంకా నువ్వుగింజంత మిగిలితే, దానితో భగవంతుడు ఒక విశాలమైన భూమిని సృష్టించాడట. మన బుద్ధి అసాధ్యమని కొట్టిపారేసేవి అక్కడ సాధ్యాలట!

కల ఏది, దర్శనం ఏది?

ఇక్కడే పాఠకులకు ఒక సందేహం రావాలి. ఎవరికి ఏది తోచినా దర్శనమే అవుతుందా? కాదన్నారు ఆ పెద్దలే. ఖ్వారజ్మ్ దేశపు నజ్ముద్దీన్ కుబ్రా ధ్యానంలో కనబడే రంగులను వైద్యుడు నాడి పట్టినట్లు పరిశీలించాడు. ఆకుపచ్చ హృదయం జీవించి ఉన్నందుకు గుర్తు, నీలం అహంకారానికి, పసుపు దుర్బలత్వానికి గుర్తులన్నాడు. ఆయన 1221లో మంగోలుల దండయాత్రలో మరణించాడు. బాగ్దాదులో 910లో గతించిన జునైద్ అయితే పారవశ్యం కన్న మెలకువే మిన్న అన్నాడు. పరవశించి మళ్ళీ తెలివిలోకి వచ్చి, నలుగురిలో మామూలుగా మసలుకోగలవాడే అతని దృష్టిలో పూర్ణుడు.

సుహ్రవర్దీ సైతం తర్కాన్ని తోసిపుచ్చలేదు. ముందు శాస్త్రం చదివి, ఆ తరువాత తపస్సుకు కూర్చోవాలన్నాడు. జ్ఞానమంటే ఏమిటో తెలియక సతమతమవుతుంటే, కలలో అరిస్టాటిల్ కనిపించి, ముందు నిన్ను నీవు తెలుసుకోమన్నాడని స్వయంగా వ్రాసుకున్నాడు.

ఈ చూపుకు అతడు చెల్లించిన వెల పెద్దది. అలెప్పో పాలకుడు మలిక్ జాహిర్ అతణ్ణి ఆదరించాడు. మతశాస్త్రజ్ఞులు కక్షగట్టి, రాజుగారి తండ్రి సలాదిన్‌కు ఫిర్యాదు చేశారు. క్రైస్తవ సైన్యాలతో యుద్ధం సాగుతున్న రోజులవి. తండ్రి ఆజ్ఞకు కొడుకు చివరకు తలవంచాడు. 1191లో సుహ్రవర్దీకి మరణశిక్ష పడింది. అప్పటికి నలభై ఏళ్ళు కూడా నిండలేదు. ఎలా చంపారన్న విషయంలో చరిత్రకారులు తలొక మాట చెబుతారు.

మనిషి పోయినా మాట పోలేదు. ఫ్రెంచి పండితుడు హెన్రీ కోర్బిన్ (1903–1978) ఆ గ్రంథాలను పరిష్కరించి లోకానికి అందించాడు. 1516లో థామస్ మోర్ తన ఆదర్శరాజ్యానికి పెట్టిన ‘యుటోపియా’ అన్న పేరుకు కూడా అర్థం ‘లేని చోటు’ అనే! అయితే మోర్ చెప్పినది చట్టాలతో, ఇళ్ళతో, పొలాలతో ఏర్పడే సమాజం. సుహ్రవర్దీ ఊరు ఎవరికి వారు చేరవలసినది. ముందు ఏ తలుపు మూయాలో, ఏ తలుపు తీయాలో అతడు కథలోనే చెప్పిపోయాడు.