పట్టాలపై పిడికెడు ఇసుక

వరద తీసిన తరువాత కపిలేశ్వరపురము వద్ద గౌతమి వేసిపోవు ఇసుకమేటలను ఆ తీరమువారందరును ఎరుగుదురు. అట్టి ఇసుకయే విక్టోరియా రాణి కాలపు ఎక్స్‌ప్రెస్ ఇంజనులకు ఆయువు పోసినదనిన వింతగా తోచవచ్చును.

ఆవిరి ఇంజనులో పిస్టను ఒకసారి ముందునకు పోయి వెనుకకు వచ్చుసరికి చోదకచక్రము ఒక చుట్టు తిరుగును. 5 అడుగుల చక్రము గంటకు 60 మైళ్లు పోవలెనన్న నిమిషమునకు 336 చుట్లు తిరుగవలెను. పిస్టనులు అంత త్వరితముగా ఆడినచో యంత్రము అదరును, అరుగును. కావున ఆనాటి ఇంజనీర్లు చక్రమునే పెంచిరి. 1870లో డాన్‌కాస్టరునందు పాట్రిక్ స్టిర్లింగ్ నిర్మించిన ఇంజనుకు చోదకచక్రము ఎత్తు 8 అడుగుల 1 అంగుళము! అదే వేగమునకు దానికి 208 చుట్లు చాలును. నేటికిని అది యార్కు మ్యూజియములో ఉన్నది. ఆ శతాబ్దమున అంతకంటె అందమైన యంత్రము పుట్టలేదని నా అభిప్రాయము.

అయితే అందము వేరు, పట్టు వేరు. బండిని లాగునది ఆ ఒక్క జత చక్రములే. ఇంజను బరువులో ఆ ఇరుసుపై పడు భాగమే పట్టాలను పట్టి ఉంచును. ఆ భారమును మరింత పెంచుదమన్న పట్టాలు ఓర్వవు. వాన పడిన నాడు బండి కదలబోవుసరికి చక్రము ఉన్నచోటనే గిర్రున తిరుగును.

పట్టాలపై ఇసుక చల్లుట అప్పటికే కలదు. కాని గొట్టము నుండి జారిన ఇసుకను గాలి ఎగురగొట్టెడిది. 1886లో డెర్బీ కర్మాగారమునందు ఫ్రాన్సిస్ హోల్టు ఆవిరితో ఇసుకను సూటిగా చక్రము క్రిందికి ఊదు సాధనమును అమర్చెను. దానితో, కాలము చెల్లినవనుకొన్న ఏకచోదక ఇంజనులను మిడ్లండు రైల్వేకు శామ్యూల్ జాన్సన్ 1887 నుండి మరల కట్టింపసాగెను.

అది కొద్దికాలపు ఊరట మాత్రమే. భోజనశాలలు మున్నగునవి చేరి బండ్లు బరువెక్కెను. రెండు జతల చక్రములను కడ్డీతో కలిపి, నాలుగింటిచేతను లాగించు ఇంజనులే నిలిచెను.

మన దేశమునను ఇదే క్రమము. 1855లో ఈస్టిండియన్ రైల్వేకు వచ్చిన ‘ఫెయిరీ క్వీన్’ ఏకచోదకము. 1900లో రాజమహేంద్రవరము వద్ద హేవలాక్ వంతెన తెరువబడెను. అటుపిమ్మట, 1903 నుండి, భారతీయ రైల్వేలకై బ్రిటనులో రూపొందించిన ప్రామాణిక ఇంజనులన్నియు జతచక్రములవే.

ఆవిరి ఇంజనులు పోయినను ఇసుకపెట్టె మిగిలినది. నేడు గోదావరి దాటు విద్యుత్ ఇంజనులకును చక్రముల చెంత అది కలదు. ఆవిరికి బదులు ఒత్తిడిగాలి ఇసుకను ఊదును. తడి ఇసుక గొట్టములో పేరుకొనును గనుక, దానిని ఆరబెట్టి, జల్లించి పోయుదురు.